ఎడమ ముందు టైరు

ఈ భూమ్మీద తిరిగే ప్రతి టైరూ ఎప్పుడో ఒకప్పుడు బావ చేతికి రావలసిందే. అంటే, ఈ ఊళ్ళో తిరిగేవి. సరే, వీధి మలుపులో పొరపాటున ఇటు తిరిగేవి.

కార్లు కడిగే ఆ షెడ్డు యజమానికి వేరే పేరు ఉండే ఉంటుంది. బావమరిది పొద్దస్తమానం "బావా! బావా!" అని అరవడంవల్ల కస్టమర్లకి కూడా ఆయన బావే అయిపోయాడు.

పని మాత్రం నిక్కచ్చి. టైరుకి మందు కొట్టి బ్రష్షుతో రుద్దితే గోధుమరంగు నురగ వస్తుంది. కడిగి మళ్ళీ రుద్దాలి. నురగ తెల్లబడేదాకా రుద్ది, బాగా ఆరనిచ్చి, అప్పుడు స్పాంజితో పల్చగా కోటింగ్ పట్టించాలి. మురికి మిగిలిందా, ఆ కోటింగ్ రెండు వానలకే లేచిపోతుంది. ఆ గోధుమ బుడగలు పగిలేటప్పుడు టైరు తిరిగిన దారులు వినబడతాయి: రైలు గేటు గంట, ఎవరో తిట్టిన తిట్టు, వాన. నురగ తెల్లబడ్డాక టైరు ఇక నోరెత్తదు. షెడ్డుకి రేడియో కొనకపోవడానికి కారణం ఇదేనంటాడు బావ. పిసినారితనం అంటాడు బావమరిది.

ఒక మధ్యాహ్నం ఒకాయన బూడిదరంగు కారు తెచ్చాడు. ఈమధ్యే పోయిన అన్నగారిది. అన్నదమ్ములిద్దరికీ ఏళ్ళ తరబడి మాటల్లేవు. చావుకి కూడా ఈయన వెళ్ళలేదు. అమ్మిపెట్టమని వదిన ఎవరో డ్రైవరుతో కారు పంపించింది. సాయంత్రం కొనేవాళ్ళు వస్తున్నారు.

"టైర్లు కొత్తవాటిలా కనబడాలి."

"పెళ్ళికొడుకుల్లా చేస్తాం సార్. మా బావని అలా చెయ్యడం ఒక్కటే మా చేతుల్లో లేదు," అన్నాడు బావమరిది.

"నీళ్ళు పట్టరా, వాగుడుకాయా."

మూడు టైర్లు ఆఫీసు, మార్కెట్టు, ఆసుపత్రి వినిపించి ఊరుకున్నాయి. కోటింగ్ పడ్డాక నిగనిగలాడాయి. ఎడమ ముందు టైరు నురగలో మాత్రం ఒక కుక్క మొరిగింది. ఏదో గేటు గాలికి కిర్రుమంది.

తమ్ముడు ఫోన్లోంచి తలెత్తాడు. "అది మా గేటు."

ఇంజను ఆగిన చప్పుడు. తర్వాత అన్న గొంతు, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు: "దిగనా?"

కుక్క మళ్ళీ మొరిగింది.

"వద్దులే. సెలవు రోజు, పడుకుని ఉంటాడు."

బావ నీళ్ళు కొట్టి మళ్ళీ రుద్దాడు. అదే కుక్క, అదే గేటు. "దిగనా?" ఇంకోసారి రుద్దితే ఈసారి వాన కూడా ఉంది. "దిగనా? తిడతాడేమో."

నురగ తెల్లబడుతోంది. గొంతు సన్నబడుతోంది.

"ఆపండి!"

"ఇక్కడ ఆపితే కోటింగ్ పట్టదండీ," అన్నాడు బావ.

"పట్టకపోతే మానె."

"మూడు మెరిసి ఒకటి మాసి ఉంటే కొనేవాళ్ళు నవ్వుతారు సార్."

"కొనేవాళ్ళని రావద్దంటాను. ఇది అమ్మట్లేదు. మా వదిన దగ్గరికి తీసుకెళ్తాను."

ఆయన కళ్ళు తుడుచుకోబోతుంటే బావమరిది, ఎన్నడూ లేనిది, నోరు మూసుకుని చేతిలోని గుడ్డ అందించాడు. అది టైర్లు తుడిచే గుడ్డ. ఆయన చెంప మీద నల్లగా చార పడింది. ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

కారు షెడ్డు గేటు దాకా వెళ్ళి ఆగింది. ఆయన చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. కోటింగ్ లేని ఆ టైరు మెల్లగా ఎడమకి తిరిగింది. స్టీరింగు కూడా దానితోపాటే తిరిగింది.

"ఎడమకి పోతూ ఇండికేటరు వెయ్యలేదేం సార్?" అన్నాడు బావమరిది.

ఆయన అద్దం దించాడు.

"ఎటు వెళ్ళాలో తెలిస్తే కదయ్యా వేసేది! మా అన్న ఇల్లెక్కడో నాకు తెలీదు."