కొండలు పైనే ఉండాలి

రౌషన్ ఆ పిల్లమ్యాప్‌ను రెండు రోజుల్లో చేసేసింది. దాని మీద మీటింగులు మాత్రం ఆరు వారాలు జరిగాయి.

అసలు అది కావాలన్నది అంబులెన్సు డ్రైవరు నూర్తాయ్. నవంబరులో అల్మాటీని పొగ కమ్మేసిన ఒక రోజు, ఊరి దిగువన కొత్తగా లేచిన ఇళ్ల మధ్య అతను పంతొమ్మిది నిమిషాలు గిరగిరా తిరిగాడు. గేటు నంబరు కనపడాలంటే యాప్‌లో మ్యాప్‌ను పెద్దది చేయాలి. పెద్దది చేస్తే ఆ నాలుగు గేట్లే మిగిలి ఊరంతా మాయమవుతుంది. లోపల ఊపిరాడక కొట్టుకుంటున్న ముసలాయన ఎలాగో బతికాడు గానీ, ఆ పంతొమ్మిది నిమిషాలు నూర్తాయ్‌ను వదల్లేదు. మర్నాడు యూనిఫాంలోనే అంబులెన్సు ఆఫీసుకొచ్చి, ఆ యాప్ తయారుచేసే రౌషన్ బల్ల ముందు నిలబడ్డాడు.

"చెల్లెమ్మా, మూలన బొటనవేలి గోరంత బొమ్మ చాలు. ఊరంతా అందులో ఉండాలి, నేనెక్కడున్నానో చిన్న గడి కట్టి చూపించాలి. కొండలు కనపడే రోజుల్లో నీ సాయం నాకక్కర్లేదు. పొగరోజుల్లో మాత్రం గుడ్డోణ్ణే."

ఆమె అతడడిగినట్టే చేసింది. చేసి, పద్ధతి ప్రకారం డైరెక్టరుకు చూపించింది. తప్పంతా అక్కడే జరిగింది.

డైరెక్టరు పేరు తోలెగెన్. గౌరవం ఉన్నవాళ్లు ఇక్కడి మర్యాద ప్రకారం ఆయన పేరు కుదించి 'తోకె' అంటారు. లేనివాళ్లు ఇంకాస్త గట్టిగా అంటారు. ఆయన కళ్లజోడు సవరించుకుని ఫోనును దగ్గరగా చూశాడు, దూరంగా చూశాడు, చివరికి బాధగా చూశాడు.

"ఇదేంటమ్మా, కొండలు కిందున్నాయి?"

"కొండలు దక్షిణాన కదా తోకె. మ్యాప్‌లో ఉత్తరమే పైనుంటుంది."

"మ్యాప్ సంగతి కాదు, ఊరి సంగతి చెప్పు. మీ ఇల్లెక్కడ?"

"బజారుకి పైన."

"పైనంటే ఎటు?"

"కొండల వైపు," అంది రౌషన్. అనేశాక నాలుక్కరుచుకుంది.

"మరి? ఈ ఊళ్లో పుట్టినవాడెవడైనా కొండల్లోకి దిగుతున్నానంటాడా? మన కొండల్ని తీసుకెళ్లి కాళ్లకింద పెడతావా?"

ఆయన అన్నది అబద్ధం కాదు. ఈ ఊళ్లో పైన అంటే కొండలు, కింద అంటే మైదానం. తూర్పు పడమరలు అడిగితే పొరుగూరి నుంచి వచ్చాడేమో అనుకుంటారు.

"సరే తోకె, అయితే పెద్దమ్యాప్ కూడా తిప్పేస్తాను. రెండూ ఒకేలా ఉంటే చాలు."

"అమ్మో, పెద్దది ముట్టుకోకు. అది ప్రపంచమంతా ఒప్పుకున్న పద్ధతి. చిన్నది మనది. మన ఆత్మగౌరవం అందులో చూపిద్దాం."

ఆత్మగౌరవానికి గోరంత చోటు చాలుతుందని రౌషన్‌కు ఆ రోజే తెలిసింది.

ఇక మీటింగులు మొదలయ్యాయి. పాలు పోసిన టీ, పళ్లెం నిండా నూనెలో వేయించిన బావుర్సాకులు. ఒకాయన కొండల మీద మంచు తెల్లగా కనపడాలన్నాడు, పెట్టారు. ఒకామె యాపిల్ పువ్వు లేకపోతే ఇది యాపిళ్ల ఊరని ఎవరికి తెలుస్తుందంది, పెట్టారు. నూర్తాయ్‌ను పిలుద్దామని రౌషన్ అంటే, డ్రైవర్లకి డిజైన్ ఏం తెలుసన్నారు. ఉండబట్టలేక ఆమె లేచి నిలబడింది.

"పెద్దమ్యాప్‌లో పైకి పోతుంటే పిల్లమ్యాప్‌లో గడి కిందకి పోతుంది. బండి నడిపేవాడు దేన్ని నమ్మాలి?"

అందరికీ ఒక్కసారిగా టీలో చక్కెర కలుపుకోవాలనిపించింది. గదంతా చెంచాల చప్పుడు.

"జనం అలవాటు పడతారు," అన్నాడు తోకె. తలలన్నీ ఊగాయి.

రౌషన్‌కు ఒళ్లు మండింది. అంత మంటలోనూ కూర్చుని కొండల్ని పైకి తిప్పింది. అందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. తను చేసిన మొదటిదాన్ని మాత్రం తన ఫోనులో ఉంచుకుంది.

డిసెంబరులో కొత్త పిల్లమ్యాప్‌కు పరీక్ష పెట్టారు. ఆ రోజు పొగకి ఎదుటి దీపస్తంభం కూడా కనపడలేదు. నగర ఆరోగ్య శాఖ నుంచి సాగిలా మేడమ్ వచ్చి, నూర్తాయ్‌కు కూడా తెలియని ఒక కొత్త వీధి పేరు చెప్పింది. ఆమె, డ్యూటీ డాక్టరమ్మ, రౌషన్ అంబులెన్సు వెనక ఎక్కారు. తోకె ముందు సీట్లో కూర్చుని టాబ్లెట్ ఒళ్లో పెట్టుకున్నాడు. పెద్దమ్యాప్‌లో ఆ వీధి చుక్క తెర పై అంచున ఉంది. అంటే ఉత్తరాన, దిగువన.

"చుక్క పైనుంది. పైకి పోనీ," అన్నాడు తోకె.

నూర్తాయ్ అద్దంలోంచి రౌషన్‌ను చూశాడు. "పైకంటే?"

"ఈ ఊరివాడివేనా నువ్వు? కొండల వైపు!"

"అటు కాదు తోకె, చుక్క ఉత్తరాన..." అంది రౌషన్.

"నువ్వుండమ్మా."

బండి ఎక్కడం మొదలుపెట్టింది. పిల్లమ్యాప్‌లో గడి మంచుకొండల వైపు బుద్ధిగా పాకింది. "చూశారా మేడమ్, పైకే పోతోంది!" అని తోకె మురిసిపోయాడు. పెద్దమ్యాప్‌లో చుక్క తెర దాటిపోయి చాలాసేపయింది.

అరగంటకి బండి పొగలోంచి ఎండలోకి వచ్చి, కొండదారికి అడ్డంగా ఉన్న గేటు ముందు ఆగింది. ఎదురుగా మంచు తళతళలాడుతోంది.

"కొండలు చాలా బావున్నాయి," అంది సాగిలా మేడమ్. "రోగి ఎక్కడ?"

తోకె టాబ్లెట్‌ను ఒళ్లో బోర్లించాడు. "ఇది... ఉత్త పరీక్షే కదా మేడమ్. రోగి ఎవరూ లేరు."

ఆయన మాట ముగిసేలోపే రేడియో గరగరలాడింది. ఊరి దిగువన కొత్త కాలనీలో ఒకామెకి ఊపిరి అందడం లేదు. మిగతా బళ్లన్నీ వేరే పిలుపుల మీద ఉన్నాయి, ఉన్నది వీళ్లే. దారి తప్పకపోతే పాతిక నిమిషాలు.

నూర్తాయ్ అప్పటికే బండి తిప్పాడు. "తోకె, దిగండి. ముందు సీటు చెల్లెమ్మకి కావాలి."

"నేను వెనక కూర్చుంటాలే..."

"వెనక రోగి పడుకోవాలి."

సాగిలా మేడమ్ జరగలేదు. తోకె దిగాడు.

రౌషన్ తన ఫోను తీసి నూర్తాయ్ ముందు పెట్టింది. ఉత్తరం పైన, కొండలు కింద, పువ్వు లేదు. పొగలోకి దిగాక ఆమె చూపు గడి మీదే ఉంది. "ఇంకా దిగువకి... కుడికి... ఇదే సందు," అంది. మొదటిసారికే గేటు దొరికింది. కోడలు కాబోలు, చెప్పుల్లేకుండా ఎదురు పరుగెత్తుకొచ్చింది. డాక్టరమ్మ లోపలికెళ్లి మాస్కు పెట్టింది. కాసేపటికి మాస్కు లోపల ఆవిరి పట్టడం, తగ్గడం కిటికీలోంచి రౌషన్‌కు కనపడింది. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే లాప్‌టాప్ తెరిచి, మొదటి పిల్లమ్యాప్‌ను ఊళ్లోని అంబులెన్సులన్నిటికీ పంపేసింది.

ఫోను మోగింది. తోకె.

"రౌషన్, ఎక్కడున్నారని టాక్సీవాడు అడుగుతున్నాడు. ఏం చెప్పాలి?"

"పైనున్నానని చెప్పండి."

"సరేలే. ఆ మొదటిదే పెడదాం. వచ్చే వారం మీటింగు పెట్టి..."

"పెట్టేశాను తోకె."

"ఎవర్నడిగి పెట్టావ్?"

"అడిగినాయన కోసం పెట్టాను."