పది నిమిషాలు వేడెక్కాక

వదిన షెడ్డులోకి వచ్చి, వస్తూనే పని బల్ల మీద మోగుతున్న రేడియో ఆపేసింది.

"ఇప్పుడు స్టార్ట్ చెయ్యి. చెయ్యగానే గేరు వెయ్యి, వెయ్యగానే తొక్కు. వేడెక్కనివ్వకు."

మరిది చేతిలో రెంచి కింద పెట్టలేదు. "అలా చూడకూడదు వదినా."

"ఎవరు చెప్పారు?"

అతను గోడ వైపు గడ్డం ఊపాడు. వాళ్ల నాన్న, అంటే ఆమె మామయ్య, బతికున్న రోజుల్లో ఎర్ర రంగుతో రాసిన అక్షరాలు అక్కడున్నాయి. ఇంజను పది నిమిషాలు వేడెక్కాకే చెయ్యి పెట్టాలి. ముప్పై ఏళ్లుగా ఆ షెడ్డుకు అదే చట్టం. చల్లటి ఇంజన్ని నమ్మి స్క్రూ తిప్పినవాడు మధ్యాహ్నం అదే స్క్రూ మళ్లీ తిప్పుకోవాలని ఆయన తిట్టేవాడు. కొడుకు ఆ తిట్లతోనే పని నేర్చాడు.

"మీ గోడ ఎప్పుడైనా తెల్లారి ఐదింటికి మిల్లు గేటు దగ్గర నిలబడిందా?" అంది వదిన.

ఇక్కడ బండి సంగతి చెప్పాలి. మిల్లులో రాత్రి షిఫ్టు తెల్లవారుజామున ఐదింటికి వదులుతారు. యంత్రాలకు పూట పూటా నూనె పోయించే కంపెనీకి, వాటిని నడిపిన ఆడవాళ్లు ఆ చీకట్లో ఇంటికెలా పోతారో ఏనాడూ పట్టలేదు. ఏడేళ్లు అర్జీలు పెట్టారు. ఏ సొరుగులోకి పోయాయో ఎవరికీ తెలీదు. చివరికి తమ బండి తామే చేసుకున్నారు. తుక్కు కొట్లో దొరికిన పాత కారు ఇంజను, నీళ్లు అక్కర్లేకుండా ఫ్యాను గాలికే చల్లబడే రకం, వెనక పెట్టి, ఇనుప గొట్టాలతో చట్రం కట్టి, ఎనిమిది మందికి సీట్లు బిగించాడు మరిది. కోళ్లను మూసిపెట్టే గంపలా ఉందని అందరూ నవ్వారు. పేరు గంప అనే నిలిచిపోయింది. స్టీరింగు వదినది. స్పిన్నింగులో రాత్రంతా నిలబడి, అందరినీ గుమ్మాల ముందు దించి, ఆఖరున తన ఇల్లు చేరేది.

ఇప్పుడు ఆ స్టీరింగు ఆమె చేతిలోంచి పోతోంది.

పన్నెండు రోజుల కిందట, గేటుకు రెండు వందల గజాల దూరంలో ఉన్న నాలుగు రోడ్ల కూడలిలో, ఆమె ఆగింది, అటూ ఇటూ చూసింది, తొక్కింది. గంప ఒక గుటక వేసి రోడ్డు మధ్యలో మూగబోయింది. లారీ వెనక మూలకు తగిలింది. మిల్లులో నూలు కండెలు మోసే ఆమె, అందరూ కండెలక్క అంటారు, బయటికి పడి భుజం ఎముక విరిగింది.

"నేను తొక్కాను. అది రాలేదు," అంది వదిన ఆ రోజే.

ఎవడు నమ్మాడు? కట్టుకున్నవాడు అన్నం తింటూ, "భయపడి కాలు తీసేసుంటావులే, పోనీ," అన్నాడు. బండి కమిటీ సెక్రటరీ, "ఆడమనిషి కదా, లారీ చూసి బిగుసుకుపోయింది," అన్నాడు. తల ఊపినవాళ్లలో ఆ బండెక్కే ఆడవాళ్లూ ఉన్నారు, అదీ మన సంగతి. అయినా కమిటీ న్యాయంగా కనబడాలని మెకానిక్కును అడిగింది. మరిది గంప మూల సరిచేసి, మిట్టమధ్యాహ్నం పది నిమిషాలు వేడెక్కించి, మూడు చుట్లు తిప్పి, "బండి బంగారంలా ఉంది," అన్నాడు. ఆ మాటతో పని ముగిసింది. వచ్చే ఆదివారం మీటింగులో వేరే డ్రైవర్ని పెట్టాలని అనుకున్నారు.

లారీ తగలకముందే, పొద్దున తొక్కితే బండి గుటక వేస్తోందని ఆమె అతనికి మూడు సార్లు చెప్పింది. మూడు సార్లూ అతను కార్బొరేటర్ విప్పాడు, పెట్రోలు వచ్చే సన్న రంధ్రాల జెట్లు ఊదాడు, తొక్కగానే పెట్రోలు చిమ్మే పంపులో రబ్బరు మార్చాడు. మూడు సార్లూ రేకుల కప్పు కింద, పట్టపగలు, పది నిమిషాల తర్వాతే చూశాడు. బంగారం.

"ఈ సాయంత్రం గంపను గేటు దగ్గర పెట్టు. రాత్రంతా మంచులో నానుతుంది. ఐదింటికి నువ్వూ రా."

"నిద్ర చెడగొట్టి కక్ష తీర్చుకుంటావా వదినా?"

"నా కక్షకు నీ నిద్ర ఏ మూలకయ్యా?"

తెల్లారేసరికి సీట్ల మీద నీళ్లు కారుతున్నాయి. మిల్లు సైరను మోగింది. మరిది ఇంజను స్టార్ట్ చేసి చేతులు నలుపుకుంటూ కూర్చున్నాడు. రెండు నిమిషాలు కాకముందే గేటు కాపలా అతను లాఠీతో చట్రం మీద కొట్టాడు.

"తియ్యండి, తియ్యండి. గేటు ముందు పొగ పెట్టకూడదు."

"పది నిమిషాలు వేడెక్కనివ్వు అన్నా."

"పది నిమిషాలా! మేనేజరు కారొస్తే నీ గంపతో పాటు నన్నూ తోసేస్తారు. రోజూ ఈవిడకి చెప్పేది ఇదే. బయల్దేరు."

వదిన పక్క సీట్లో కూర్చుని ముందుకే చూస్తోంది. "విన్నావుగా," అంది.

కూడలి దగ్గర అతను ఆగాడు. రోడ్డు ఖాళీగా ఉంది. మొదటి గేరు వేసి తొక్కాడు. ఇంజను గుటక వేసింది. ఒకటి, రెండు లెక్కపెట్టేంత సేపు కాలి కింద ఏమీ లేదు. తర్వాత గంప ఒక్క గుంజు గుంజింది. తిప్పుకొచ్చి మళ్లీ చేశాడు. మళ్లీ అంతే.

పక్కకు ఆపి వెనక మూత ఎత్తాడు. ఇంజను నుంచి వెచ్చటి గాలి మొహానికి కొట్టింది. కార్బొరేటర్ నుంచి ఇంజనుకు పెట్రోలు, గాలి మోసుకెళ్లే గొట్టం మీద చెయ్యి వేశాడు. ఐసు నీళ్ల గ్లాసు పట్టుకున్నట్టుంది. గొట్టం పొడవునా చెమట పట్టి బొట్లు కారుతున్నాయి.

రెంచి అవసరం లేకుండానే అతనికి అర్థమైంది.

ఈ రకం ఇంజన్లో ఆ గొట్టానికి ఆనుకుని ఒక సన్నటి గొట్టం ఉంటుంది. కాలిన పొగ అందులో తిరిగి, పెద్ద గొట్టాన్ని వెచ్చగా ఉంచుతుంది. వెచ్చగా ఉంటేనే పెట్రోలు ఆవిరై గాలితో పోతుంది. లేకపోతే చల్లటి గోడలకు అంటుకుని వెనకబడుతుంది. తొక్కినప్పుడు ఒట్టి గాలి ముందు పోతుంది, ఇంజను గుటక వేస్తుంది. పట్టపగలు, పది నిమిషాలు వేడెక్కాక ఆ గోడలు ఎలాగూ వెచ్చబడతాయి, గుటక కనబడదు. గంప కట్టేటప్పుడు అతను సైలెన్సర్ సొంతంగా చేశాడు. ఆ సన్న గొట్టం అడ్డొచ్చింది. మన ఎండలకు దీనికి మళ్లీ కుంపటెందుకని కోసి పారేసి, రెండు చివర్లా బిళ్లలు పెట్టి వెల్డింగు చేశాడు. అతుకు ఎంత నున్నగా వచ్చిందంటే, వదినను పిలిచి మరీ చూపించాడు.

"ఏంటి? ఏం కనబడింది?" అంది వదిన.

"షెడ్డుకు తీసుకెళ్లి చూడాలి," అన్నాడు.

షెడ్డులో తలుపు వేసుకుని కూర్చున్నాడు. మూలన సన్న గొట్టం ముక్క ఉంది. గంట పని. పెట్టేసి, జెట్లో నలుసు పడింది, తీసేశాను అంటే చాలు. నలుసు ఎవరి తప్పూ కాదు. వదినకు స్టీరింగు దక్కుతుంది, తన చేతి పనికి మాట రాదు. గొట్టం ముక్కకు ఆకురాయి కూడా పట్టాడు. పడుతూ ఆగాడు. మూడు సార్లు జెట్లు ఊది బంగారం అన్నది తనే. నాలుగోసారి నలుసంటే సెక్రటరీ ఊరుకుంటాడా? బండి బాగానే ఉండింది, ఆమే బిగుసుకుపోయింది అన్న మాట అలాగే ఉంటుంది. కండెలక్క భుజం వదిన లెక్కలోనే ఉంటుంది.

గొట్టం ముక్క మూలకు విసిరాడు. అతుకులు ముట్టుకోలేదు.

ఆదివారం మీటింగులో లేచి నిలబడి, ఉన్నదున్నట్టు చెప్పాడు. గొట్టం కోసింది నేను, మూసింది నేను, బాగుందని మీతో చెప్పిందీ నేనే అన్నాడు. వదిన తలెత్తి అతని వైపు చూసింది. ఆమెకూ అది అప్పుడే తెలిసింది.

సెక్రటరీ నవ్వాడు. "వదినను మరిది వెనకేసుకు రాకపోతే ఇంకెవరొస్తారయ్యా! మొన్న బంగారం అన్నావు. ఇంట్లో కూడు ఆపిందా ఏంటి?"

జనం కూడా నవ్వారు.

"రేపు ఐదింటికి గేటు దగ్గరికి రా. నువ్వే నడుపు," అన్నాడు మరిది.

"నేను పక్కన కూర్చుంటా," అంది కండెలక్క, మెడకు వేలాడుతున్న కట్టు సర్దుకుంటూ. "ఇంకో భుజం ఉందిగా నాకు."

సోమవారం మంచు ఇంకా ఎక్కువగా ఉంది. కూడలికి రెండు వైపులా మనుషుల్ని నిలబెట్టి లారీలు ఆపారు. సెక్రటరీ ఛాతీ విరుచుకుని స్టీరింగు పట్టుకున్నాడు. లారీ కూడా నడిపిన చెయ్యి ఇది అని ఎవరూ అడక్కుండానే చెప్పాడు. ఆగాడు, చూశాడు, తొక్కాడు.

గంప గుటక వేసింది. కాలు తీసి మళ్లీ గట్టిగా తొక్కాడు. రోడ్డు నట్టనడుమ పూర్తిగా ఆగిపోయింది.

"నేను తొక్కానే! తొక్కానయ్యా, ఇదే రాలేదు!" అని అరిచాడు.

అన్నాక తనకే వినబడింది. వెనక సీట్లలో ఆడవాళ్లకూ వినబడింది. కండెలక్క భుజం పట్టుకుని నవ్వడం మొదలెట్టింది. నవ్వితే నొప్పి, అయినా ఆపుకోలేకపోయింది. సెక్రటరీ దిగి, తాళం ఎవరికివ్వాలో తెలియనట్టు అరచేతిలో పెట్టుకుని నిలబడ్డాడు. వదిన వెనక సీట్లోంచి దిగి వచ్చి తీసుకుంది. క్షమించమని అతను అనలేదు. అలాంటి మాట కమిటీల్లో పుట్టదు.

షెడ్డులో మరిది బిళ్లలు కోసి, సన్న గొట్టం అతికిస్తుంటే వదిన పీట మీద కూర్చుని చూసింది.

"నేను మూడు సార్లు చెప్పాను. వాడు ఒక్కసారి అరిస్తే నమ్మారు."

అతను వెల్డింగు అద్దం మొహం మీదికి లాక్కున్నాడు.

"అద్దం తియ్యి. నేను మాట్లాడుతున్నాను."

తీశాడు. ఆమె అతని మొహం చూసి, "కానియ్యి, వెలుగు పోతోంది," అంది.

మర్నాడు తెల్లారి అతనూ గంపెక్కాడు. వదిన ఇంజను స్టార్ట్ చేశాక మూత తెరిచి చెయ్యి పెట్టి చూశాడు. గొట్టం గోరువెచ్చగా ఉంది. కాపలా అతను లాఠీ ఊపాడు. పది నిమిషాలు ఆగకుండానే బయల్దేరారు. దారిలో రెండు చోట్ల వదిన ఆపి తొక్కింది. గుటక లేదు, మిషను కుట్టులా పోయింది.

కూడలి వచ్చింది. ఆగింది. అటూ ఇటూ చూసింది. దూరంగా ఎక్కడో లారీ దీపాలున్నాయి, చాలా దూరం. రోడ్డు ఖాళీ.

ఇంజను సిద్ధంగా కొట్టుకుంటోంది. వదిన కాలు పెడలు మీదే ఉంది. కదల్లేదు.

"వదినా, వెళ్లొచ్చు," అన్నాడు మరిది.

"తెలుసు."

లారీ దగ్గరికొచ్చింది, దాటింది, దాని గాలికి గంప ఊగింది. లారీ వెనక దీపం మంచులో కలిసిపోయేదాకా ఆమె చూసి, అప్పుడు తొక్కింది.