గడప దగ్గరికి తెచ్చిన టీవీ

ఇంట్లో టీవీకి రంగులు పోయాయని మా ఆయన తేల్చేశారు. వార్తలు చదివే అమ్మాయి మొహం పసుపు పూసినట్టు ఉందట, తెల్లచొక్కాలన్నీ మాసిపోయినట్టున్నాయట. నా కంటికి మాత్రం ఆ పిల్ల ఎప్పటిలాగే లక్షణంగా ఉంది. పాపం, ఆ టీవీకి నోరుంటే ఏడ్చేది.

పాడైంది టీవీ కాదు, ఆయన కళ్ళు. ఆ మాట ఆయనతో ఎవరనాలి? ధర్మవరంలో మాకు పట్టుచీరల అంగడి ఉంది. మా ఆయన జయరామయ్య అంగట్లో రంగు తప్పదని పేరు. అలాంటి మనిషి ఈమధ్య నీలం రవిక గుడ్డ అడిగితే నలుపు తీసి ఇస్తున్నారు. మడత పెట్టే వంకతో వెనక నేను మారుస్తున్నాను. ఒకసారి కంటి డాక్టరు మాట ఎత్తానని ఆ పూట అన్నం దగ్గర నుంచి లేచిపోయారు. మా మామగారు కంటి ఆపరేషన్ చెడి చూపు పోయి, ఉన్నన్నాళ్ళూ అంగడి మెట్ల మీద ఊరికే కూర్చున్నారు. తనకూ అదే గతి పడుతుందని ఈయన భయం. అది తెలుసు కాబట్టే నోరు మూసుకున్నాను, లేకపోతే ఊరుకునే రకమా నేను?

హిందూపురంలో మా తమ్ముడు రఘునాథ్‌కు టీవీల షోరూమ్ ఉంది. పెద్ద టీవీ కొందామని ఆయన అనగానే అక్కడికే పోదామన్నాను. అన్ని టీవీలూ ఒకేచోట చూస్తే, అన్నిట్లోనూ రంగు పోయినట్టే కనిపిస్తే, సంగతేమిటో ఆయనకే తెలిసి వస్తుందని నా ఆశ. బస్సు పెనుకొండ దాటేదాకా నన్ను మాట్లాడనివ్వకుండా కొత్త టీవీ ఎక్కడ పెట్టాలో చెబుతూనే ఉన్నారు.

"రా బావా, రా అక్కా. ఇన్నాళ్ళకు గుర్తొచ్చినామా?" అంటూ రఘునాథ్ గోడంత టీవీ ముందు నిలబెట్టాడు. "ఎల్‌సీడీ బావా, యాభై అయిదు అంగుళాలు. హెచ్‌డీలో చూస్తే మనుషులు ఎదురుగా ఉన్నట్టే ఉంటాది."

అందులో ఏదో పెళ్ళి పాట వస్తోంది. ఆయన అద్దాలు తీసేసి తెరకు ముక్కు ఆనించినంత పని చేశారు.

"ఆ పెండ్లికూతురి చీర కాడ నిలుపప్పా." రఘునాథ్ బొమ్మ ఆపాడు. "జరీలో పోగు పోగు తెలుస్తాండాది. శబాష్." పక్కకు పోయి చూశారు, వెనక్కి జరిగి చూశారు. "యాడ నిలబడినా బొమ్మ చెదరల్యా. మాట గూడా స్పష్టంగా ఉండాది. రంగు మాత్రం లేదు."

రెండో దానికీ అదే మాట, మూడో దానికీ అదే మాట. పాపం మా తమ్ముడు రిమోట్ నొక్కి నొక్కి వెలుగు పెంచాడు.

"కంటికి గుచ్చుకొనేంత వెలుగు పెడితివి గానీ, రంగు యాడుండాదప్పా? ఈ లైట్ల కింద ఏం తెలుస్తాది? గడప దగ్గరికి తెప్పీ."

మా వ్యాపారంలో అంతే. ట్యూబ్‌లైటు కింద పట్టు రంగు ఎవరూ నమ్మరు. కొనేవాళ్ళయినా అమ్మేవాళ్ళయినా చీర కొంగు పట్టుకుని గడప దగ్గరికి, పగటి వెలుతురులోకి రావాల్సిందే.

"అక్కా, టీవీని ఎండలో చూసేవాళ్ళు యాడన్నా ఉండారా?" అని రఘునాథ్ నా చెవిలో గొణిగాడు.

"మీ బావ చెప్తాండారు గదా, తెప్పీరా!" అని కసిరాను.

పొడుగు వైరు తగిలించి ఇద్దరు పనివాళ్ళు దాన్ని మోసుకొచ్చి, వాకిట్లో బల్ల మీద పెట్టారు. మిట్టమధ్యాహ్నం. తెరలో పెళ్ళికూతురు మాయమైపోయి ఎదురుగా ఉన్న టీ అంగడి, ఆటోలు, మేమిద్దరం కనిపించాం. "ఏమన్నా, ఏం మ్యాచ్ వస్తాంది?" అంటూ ఎవడో తొంగిచూశాడు. "నీ పని చూసుకో పోప్పా!" అని వాడి మీద పడ్డాను.

ఆయన తెర వైపు చూడటం లేదు. నన్నే చూస్తున్నారు.

"లక్ష్మీ, ఈ చీర నేను దగ్గరుండి రంగు అద్దించినదే గదా?"

"ఊఁ."

"ఆకాశం రంగు."

"ఊఁ."

నా కొంగు అందుకుని ఎండకు పట్టి, ఇటు తిప్పి అటు తిప్పి చూశారు. టీవీలను అనుమానించగలరు గానీ ఆ రంగును ఆయన ఎలా అనుమానిస్తారు?

"నాకు మాసిపోయిన ఆకుపచ్చ కనపడతాండాది. టీవీలు బాగానే ఉండాయి లక్ష్మీ. నా కండ్లే..."

ఆ మాట ఆయన నోట రావాలనే కదా ఇంత దూరం తీసుకొచ్చాను! తీరా వచ్చాక, ఎందుకు తీసుకొచ్చానా అనిపించింది. ఇంతలో ఆయన గబుక్కున తలెత్తారు.

"అయితే నీకు కామెర్లు లేవా?"

"నాకు కామెర్లేంది?"

"ఉగాది నుంచి నీ మొగం, చేతులు పసుపుగా కనపడతాండాయి. మా అమ్మ కామెర్లతోనే పాయ. నిన్నడిగితే యాడ అవునంటావో అని అడగలేకపోతి. దొంగచూపులు చూసుకుంటా, లోపల్లోపలే చస్తాంటి."

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "నాకేం రోగం? గుండ్రాయి మాదిరి ఉండా."

"నిజంగా? ఒట్టు?"

"మీ మీద ఒట్టు."

ఆయన పెద్దగా ఊపిరి వదిలి నవ్వేశారు. కళ్ళు చెడ్డాయని తెలిసింది తనకు కానట్టు, పండగ వచ్చినట్టు నడివీధిలో నవ్వేశారు. "ఇంకేం మరి! కండ్లే గదా, చూపిచ్చుకుందాం. ఏమప్పా రఘునాథా, ఈడ మంచి కంటి డాక్టరు ఎవరుండారు? ఇప్పుడే పోదాం."

"మంచోళ్ళే! ఇన్నాళ్ళూ నన్ను రోగిష్టిదాన్ని చేసి పెట్టుకుంటిరా మనసులో?" అని తిట్టాను. చుట్టూ జనం చూస్తున్నా ఆయన నా కొంగు వదల్లేదు. నేనూ లాక్కోలేదు.