అదురు కొలిచిన రోజు

ఆ బస్తీలో నలభై ఇళ్లుంటే ముప్పై ఒకటి మేస్త్రి చేతి మీద లేచినవే. అందుకే బొగ్గు గని బస్తీ అంచుదాకా వచ్చి గోడలు బీటలు వారడం మొదలయ్యాక, ముందు బీట మేస్త్రి గుండెలోనే పడింది. గని అంటే సొరంగం కాదు. ఊరంత గొయ్యి. పైనున్న మట్టీ రాయీ పేల్చి తోడేస్తేగాని కింది బొగ్గు కనపడదు. రోజూ రెండింటికి సైరన్ కూస్తుంది. జనం ఇళ్లలోంచి వీధిలోకి వస్తారు. నేల ఒక్కసారి ఎగిరిపడుతుంది. మళ్లీ లోపలికెళ్లి కిందపడ్డ గిన్నెలు సర్దుకుంటారు.

కంపెనీ ఆఫీసరుది మాత్రం ఒకటే మాట. "తప్పు మా పేలుళ్లది కాదు. కట్టినవాడు సిమెంటు తినేసి ఇసుకతో కట్టాడు."

ముప్పై ఏళ్ల పనిలో మేస్త్రి ఒకరిచేత మాట పడ్డవాడు కాదు. "అయితే మిషను పెట్టి అదురు కొలవండి," అన్నాడు. బస్తీ అంతా అతని వెనక నిలబడింది. ఆఫీసరు సరేనన్నాడు. అదురు హద్దు దాటితే బస్తీని వేరే చోటికి మార్చి కంపెనీయే ఇళ్లు కట్టివ్వాలి. దాటకపోతే పగుళ్ల పాపం మేస్త్రిదేనని కాగితం రాశారు. ఆ కాగితం మీద మేస్త్రి వెనకాముందూ చూడకుండా సంతకం పెట్టాడు.

అంత ధీమా ఎందుకంటే, ఆ గనిలో మందు దట్టించి పేల్చేది అతని బామ్మర్దే. పెళ్లాం తమ్ముడు. అక్క వెంట వచ్చి ఆ ఇంట్లోనే పెరిగినవాడు. గనిలో చేరకముందు బావ వెనకే తట్ట మోశాడు. ఆ ముప్పై ఒక్క ఇళ్ల పునాదుల్లోనూ సిమెంటూ ఇసుకా కలిపి మాలు పోసింది వాడి చేతులే.

"రోజూ ఎలా పేలుస్తానో అలాగే పేలుస్తా బావా. మిషను గుడ్లు తేలేస్తుంది చూడు," అన్నాడు ముందు రోజు, కంచం ముందు కూర్చుని. అక్క మురిసిపోయి రెండు ముద్దలు ఎక్కువే వడ్డించింది.

మిషనును దర్జీ ఇంటి ముందు పెట్టారు. సబ్బుల పెట్టెంత ఉంది. సైరన్ కూసింది. అందరూ వీధిలోకి వచ్చారు. ఎక్కడో గోనె సంచి కిందపడేసినట్టు దబ్బుమంది. అంతే.

"అయిపోయిందా?" అంది దర్జీ పెళ్లాం. "మా ఆయన తుమ్మితే ఇంతకన్నా అదురుతుందే!"

జనం నవ్వారు. మేస్త్రి నవ్వలేదు. ఆఫీసరు అంకె రాసుకుని అందరికీ చూపించాడు. హద్దులో మూడో వంతు కూడా లేదు.

మర్నాడు మిషను లేదు. రెండింటికి నేల ఎప్పటిలాగే ఎగిరింది. మేస్త్రి వంటింటి గోడ పెచ్చు ఊడి పొయ్యి మీద పడింది.

బామ్మర్ది డ్యూటీ దిగి వచ్చేసరికి మేస్త్రి గుమ్మంలో కూర్చుని ఉన్నాడు.

"నిన్న ఎంత మందు పెట్టావురా?"

"ఎప్పుడూ పెట్టేదే బావా."

"నా మొహం చూసి చెప్పు."

వాడు తన చెప్పుల వంక చూసుకున్నాడు. "పదో వంతు," అన్నాడు చివరికి. "ఆఫీసరు పక్కనే నిలబడ్డాడు. ఎక్కువ పెడితే రేపట్నుంచి పనిలోకి రావద్దన్నాడు. నన్నేం చేయమంటావు?"

"ముందే తెలుసా నీకు?"

వాడు క్యారేజీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"కంచం ముందు కూర్చుని గొప్పలు పోయావే, అప్పుడు తెలుసా?"

"తెలుసు."

లోపల గరిటె చప్పుడు ఆగిపోయింది.

"సరే, చేసిందేదో చేశావు. నలుగురి ముందూ ఆ మాట చెప్పు. నా పేరు నాకు మిగుల్తుంది."

"ఉద్యోగం పోతుంది బావా."

తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్లని చూశాం. వీడు పునాది రాళ్లే లెక్కపెట్టాడు.

ఈలోగా బస్తీ నోరు తిరిగింది. ఆ రోజు అదురు తగ్గిందని తెలిసినా, కాగితం మీది అంకెతో కొత్త ఇళ్ల ఆశ పోయి ఆ కోపం మేస్త్రి మీదికి మళ్లింది. నిన్నటిదాకా మేస్త్రిగారన్న నోళ్లే ఇప్పుడు 'ఆ మేస్త్రి' అంటున్నాయి. "మనిషి అబద్ధమాడతాడు గాని మిషను ఆడుతుందా?" అన్నాడు దర్జీ. అందరికన్నా పెద్ద పగులు అతని గోడదే.

మూడో రోజు పొద్దున్నే మేస్త్రి గడ్డపార తీసుకుని తన ఇంటి మూల తవ్వడం మొదలుపెట్టాడు. మాటకారి కాని మనిషికి చేతులే నోరు. నడుం లోతు వచ్చేసరికి జనం మూగారు. రాతికట్టు బయటపడింది. రాళ్ల సందులో గడ్డపార మొనతో పొడిచి చూపించాడు. మాలు రవ్వంత రాలలేదు. మొనే జారింది.

"చూడండి. ఇదీ నా పని."

దర్జీ వంగి చాలాసేపు చూశాడు. "బాగానే ఉంది. సొంతిల్లు కదా మేస్త్రీ, బాగా కట్టుకోక ఏం చేస్తావు?"

మేస్త్రి గోతిలోంచి తలెత్తాడు. జనం వెనక బామ్మర్ది డ్యూటీ బట్టల్లో, చేతిలో క్యారేజీతో నిలబడి ఉన్నాడు.

"ఒరే, అన్ని ఇళ్లకీ మాలు మోసింది నువ్వే కదా. ఆ రోజు సంగతి ఎత్తొద్దులే. అందరికీ ఒకే పాళ్లు కలిపామని, ఆ ఒక్క ముక్క చెప్పు."

అందరూ వాడి వైపు తిరిగారు. వాడు వాచీ చూసుకున్నాడు.

"బస్సు టైమైంది బావా."

అప్పుడు అక్క బయటికి వచ్చింది. తమ్ముడి రేకుపెట్టె రెండు చేతులా మోసుకొచ్చి వాడి కాళ్ల దగ్గర పెట్టింది.

"ఇదేంటక్కా?"

"ఈ ఇంటి పునాది మంచిది కాదట కదా తమ్ముడూ. ఎప్పుడు కూలుతుందో ఏమో. నువ్విందులో పడుకుంటే నాకు కునుకు పట్టదు. వేరే చోటు చూసుకో."

జనం ఒక్కొక్కరే జారుకున్నారు. వాడు మాత్రం పెట్టె ఎత్తుకోనూ లేక, వదిలిపోనూ లేక, గొయ్యి అంచునే నిలబడ్డాడు.

మేస్త్రి పైకెక్కి గొయ్యి పూడ్చసాగాడు. ఒక పొర మట్టి వేసి, నీళ్లు చల్లి, దిమ్మిసతో కొట్టి, మళ్లీ పార అందుకున్నాడు.

"పక్కకి జరుగు," అన్నాడు తలెత్తకుండానే. "మట్టి పడుతుంది."