మోకాళ్ల నొప్పుల సంఘం

సకల జనుల సమ్మె ఆగిందని టీవీలో చెప్పిన మర్నాడే, నర్మెట్ట బస్టాండు పక్కనున్న దీక్షా శిబిరం ఎత్తేద్దామన్నాడు ఐలయ్య. ఆయన మండల జేఏసీ కన్వీనరు. బస్సులు తిరుగుతున్నాయి, బడులు తెరిచారు, ఇంకా టెంటు దేనికని ఆయన లెక్క.

ఆ లెక్క తప్పు. మా ఊళ్ళో మగవాళ్ళకు కూచోవడానికి హోటలుంది, కల్లు దుకాణముంది, పంచాయతీ ఆఫీసు అరుగుంది. ఆడవాళ్ళకు నల్లా దగ్గర బిందె నిండేదాకా నిలబడే జాగా తప్ప ఏముంది? సమ్మెలో రోజుకో సంఘం వంతున పొద్దున దండలు వేసుకుని కూచుని, సాయంత్రం నిమ్మరసం తాగి లేచేవాళ్ళు. ఆ టెంటు కిందే మా ఆడవాళ్ళు మొదటిసారి పనేమీ లేకుండా పదిమందిలో కూచున్నారు. పిల్లలు ఆ నీడనే ఆడుకున్నారు. కానిస్టేబుల్ పరీక్షకు చదివే పిలగాళ్ళు మైకు పక్కన పుస్తకాలు పరుచుకున్నారు. లంబాడీ తండా నుంచి రాజీ వాళ్ళు వచ్చి తమ భాషలో పాడితే, మాటలు తెలియకపోయినా అందరూ చప్పట్లు కొట్టారు.

ఇదంతా పోతుందంటే ఎక్కువ బాధ ముసలి చిలుకమ్మకు. ఇంట్లో ఒక్కతే ఉంటుంది. టెంటు లేకపోతే పొద్దంతా గోడలతోనే మాట్లాడాలి.

"ఎట్ల ఎత్తేస్తవ్ ఐలయ్యా, మా వంతు రాలేదాయె" అంది.

"వచ్చింది గద అవ్వా. మహిళా సంఘం కూసుండె."

"గది మహిళా సంఘం. మాది మోకాళ్ల నొప్పుల సంఘం."

శిబిరానికి ఒక్కటే కట్టుబాటు: వంతు అడిగిన వాళ్ళను కాదనొద్దు. అది పెట్టింది ఐలయ్యే. దండలు తెప్పించక తప్పలేదు.

మర్నాడు కొత్త కోడళ్ల సంఘం కూచుంది. అది చూసి అత్తల సంఘం పట్టుబట్టింది. తర్వాత గురక పెట్టే మొగుళ్లున్న వాళ్ల సంఘం వచ్చింది. బోర్డు మీద సుద్దముక్కతో ఆ పేరు రాసేటప్పుడు ఐలయ్య చెయ్యి ఆగింది. టెంటు పక్కనే పొయ్యి మీద గారెలు వేగుతున్నాయి.

"జర ఇజ్జత్ ఉండాలె అవ్వా. దీక్షల గారెలు తింటరా ఎవలన్న?"

"తినేది పోరగాళ్లు. మేం వాసన సూస్తున్నం. వాసనకు గూడ దీక్ష ఇడుస్తదా?"

పెళ్ళిళ్ళు మొదలయ్యాయి. టెంటు హౌజు సదానందం తన టెంటు తీసుకుపోదామని ట్రాక్టరుతో వచ్చాడు. చూస్తే ముందు వరుసలో, మెడలో దండతో, ఆయన భార్య సౌందర్య.

"నువ్వేందే ఈడ?"

"బోర్డు సదువు." బోర్డు మీద 'టెంటు సామాను మోసి నడుములు పోయినోళ్ల సంఘం' అని ఉంది. ఆ సంఘంలో ఉన్నది ఆమె ఒక్కతే, మిగతావాళ్ళు తోడు కూచున్నారు.

"పెండ్లోళ్లు నా పానం తింటున్నరు."

"గుడ్డ ఇప్పుకపో, ఎవలొద్దన్నరు? నన్ను మాత్రం లేపకు. నిమ్మరసం తాగందే లెవ్వ."

సదానందం గుడ్డ విప్పాడు. ఎండ నెత్తి మీద పడింది. కొంగులు కప్పుకున్నారు తప్ప ఒక్కరూ లేవలేదు. చిలుకమ్మ కళ్ళు మూసుకుని అక్కడే కూచుంది. గుడ్డ మడత పెట్టి ట్రాక్టరులో వేసి, గుంజలు పీకడానికి వచ్చినవాడు సౌందర్య మొహం చూశాడు. గడ్డపార పక్కన పెట్టాడు.

"కట్టెలు ఉండనీయుండ్రి. ఎట్లయిన పాతయే" అని ట్రాక్టరు ఎక్కాడు.

మర్నాడు రాజీ వాళ్ళు తండా నుంచి బండి నిండా తాటాకులు తెచ్చారు. పరీక్ష పిలగాళ్ళు పుస్తకాలు పక్కన పెట్టి పైకెక్కారు. ఆకులు కింద నుంచి అందించడానికి అత్తలు, కోడళ్ళు ఒకే వరుసలో నిలబడ్డారు. చూసి చూసి ఐలయ్య కూడా చొక్కా విప్పి ఒక వరుస కట్టాడు. వంకరగా వచ్చింది, విప్పి మళ్ళీ కట్టించారు.

సాయంత్రానికి పందిరి కింద నీడ పడింది. ఐలయ్య చెమట తుడుచుకుంటూ అడిగాడు.

"గీ దీక్ష ఎన్నడు ఇడుస్తరే అవ్వా?"

"తెలంగాణ రానీ బిడ్డా."

"వచ్చినంక?"

"వచ్చిందని సంబురంగ కూసుంటం" అని చిలుకమ్మ కాళ్ళు బార్లా చాపుకుంది.