గంట లేని గుడి

జనం తలల మీదుగా కర్ర కొస ఒక్కటే కనిపిస్తోంది. అది మెల్లగా స్టేజీ వైపు పోతోంది.

నాగరాణి కుర్చీలోంచి దిగ్గున లేచింది. కర్ర వెనక తెల్ల తలపాగా, భుజాన నల్ల గొంగడి. ఆ నడకను ఆమె ఎంత గుంపులోనైనా పోల్చుకుంటుంది. గొర్రెల మందలో దారి చేసుకున్నట్టు మనుషులను మోకాలితో పక్కకు జరుపుకుంటూ పోయే నడక. మల్లేశ్. సొంత అన్న.

‘మళ్ళ వచ్చిండు’ అనుకుంది.

స్టేజీ మీదున్న యోహానుకు ఇదేమీ తెలియదు. అరవై దాటినా వెండిరంగు చొక్కాలో కుర్రాడిలా ఊగుతున్నాడు. మెడలో వేలాడే బేస్ గిటార్ తీగను బొటనవేలితో కొడుతుంటే, ఆ దెబ్బ నల్గొండ కాలేజీ మైదానం మట్టిలోంచి పాకి వచ్చి అరికాళ్ళకు తగులుతోంది. చీకటి పడి ఎంతోసేపు కాలేదు. పిల్లలందరూ ఫోన్లు పైకెత్తి పట్టుకున్నారు.

“పెద్దమ్మా, కూసోరాదె! మేం సారును చూడనీకి వచ్చినం గని నీ వీపును చూడనీకి రాలే,” వెనక నుంచి ఒకడు అరిచాడు. చుట్టూ గొల్లుమన్నారు.

“నా వీపు గూడ ఫ్రీగనే చూపిస్తున్న, చూడు బిడ్డా,” అని నాగరాణి కుర్చీల సందులోకి దూరింది.

ఇంట్లో కోడలికి కళ్ళ దవాఖానకు పోతున్నానని చెప్పి చౌటుప్పల్ నుంచి బస్సెక్కి వచ్చింది. వచ్చింది పాటల కోసం కాదు. యోహానును తన వాడిగా చేసుకుందామనీ కాదు. అతనికి ముంబైలో భార్య, ఎదిగిన కొడుకు ఉన్నారని ఫోన్‌లో చూసింది. తన భర్త పోయినా, కొడుకు, కోడలు, మనవలతో తన ఇల్లూ నిండుగానే ఉంది. ఒకే ఒక్క ప్రశ్న అడగాలి. ఆ పొద్దు నిన్ను ఎవరు తరిమారు? జవాబు ఆమెకు తెలుసు. కానీ అతని నోటితో వినాలి. వినకుండా పోతే ఈ జన్మకు ఆ దాహం తీరదు.

ఇప్పుడు ఆ తరిమినవాడే, అదే కర్రతో, అతని వైపు పోతున్నాడు.

హాలియా దిక్కున వాళ్ళ ఊరు. తండ్రి బాలయ్య ఒగ్గు కథకు డోలు వాయించేవాడు. సాయంత్రం గొర్రెలను దొడ్లోకి తోలాక బీరప్ప గుడి అరుగు మీద కూర్చుని డోలు అందుకుంటే ఊరి కుక్కలు కూడా మొరగడం ఆపేవి. ఊరి ఆ కొసన ఉండే యోహాను, చర్చిలో గిటార్ వాయించే పిల్లవాడు, ఆ దెబ్బ నేర్చుకోవడానికి రోజూ వచ్చేవాడు. డోలు మీద దెబ్బను గిటార్ తీగ మీదికి ఎక్కిస్తానని పట్టు. బాలయ్య నవ్వి, “ఎక్కియ్యి బిడ్డా, గని అది కిందవడకుండ చూసుకో,” అనేవాడు. యోహాను కళ్ళు డోలు మీద ఉండేవి. కొన్నాళ్ళకు డోలు పక్కన కూర్చునే నాగరాణి మీదికి జరిగాయి.

ఇంట్లో చెబితే జరిగే పని కాదు. పట్నం పోదామనుకున్నారు. ముందురోజు సాయంత్రం యోహాను చెల్లెలు గ్రేస్ బోరింగు దగ్గర బిందె పెట్టి, కొడుతున్నట్టే కొడుతూ చెవిలో చెప్పింది.

“రేపు పొద్దుగాల అన్న గుడి కాడ ఉంటడట. పట్నం బస్సుకు పోదామన్నడు. జల్ది రా వదినె.”

వదినె! ఆ మాటకు నాగరాణి బిందె సగం నింపుకొనే ఇంటికి పోయింది.

తెల్లవారకముందే బట్టల సంచితో బీరప్ప గుడి అరుగు మీద కూర్చుంది. ఎండ నడినెత్తికి వచ్చింది. అతను రాలేదు. కాళ్ళీడ్చుకుంటూ ఇంటికి వచ్చేసరికి మల్లేశ్ తొట్టి దగ్గర అంగీ ఉతుక్కుంటున్నాడు. అంగీ నిండా నెత్తురు. “రోడ్డు కాడ గొర్రె ఈనింది. పిల్ల అడ్డం తిరిగితే చెయ్యి పెట్టి తీసిన,” అన్నాడు.

ఆమె నమ్మింది. అప్పటికి నమ్మింది.

మరుసటి ఏడాది యోహాను క్యాసెట్ వచ్చింది. ప్రతి హోటల్లో, ప్రతి బస్సులో అదే పాట. ‘గుడి కాడ నిలుచున్న, గంట గంట చూసిన, గంట మోగె, నువ్వు రాలే.’ అంటే అతను వచ్చాడు! తను అరుగు మీదికి చేరకముందే వచ్చి నిలబడ్డాడు. మరి ఎందుకు పోయాడు? ఆమె కళ్ళ ముందు అన్న అంగీ మీది నెత్తురు మెదిలింది. బీరప్ప గుడికి అసలు గంటే లేదు, ఆ ముక్క మాత్రం పాట కోసం కట్టి ఉంటాడు అనుకుంది.

ఆ రోజు అన్న ముఖం మీదే అరిచింది. “నువ్వే కొట్టి తరిమినవు!” ఆ తర్వాత అతనితో ఒక్క మాట లేదు. రాఖీ లేదు. తండ్రి పోయినప్పుడు కూడా అన్న ఇంట్లో మంచినీళ్ళు ముట్టలేదు.

ముందు వరుస కుర్చీలకు అడ్డంగా ఇనుప కంచె ఉంది. అక్కడ నిలబడ్డవాడు చెయ్యి అడ్డం పెట్టాడు.

“పాసున్నదా పెద్దమ్మా?”

“లేదు. గా గొంగడాయనకు ఉన్నదా? గాయన్ను ఎట్ల పంపినవు?”

“గాయన ఆర్టిస్టు. డోలు తెచ్చిండు గద.”

నాగరాణికి అర్థం కాలేదు. “డోలా?”

కంచె అవతల మల్లేశ్ గొంగడి తీసి కింద పరిచాడు. ఇంతసేపూ దాని మాటున మెడకు వేలాడుతున్న డోలు. తండ్రి డోలు. కర్రను కాళ్ళ దగ్గర పడేశాడు.

సరిగ్గా అప్పుడే యోహాను ఆ పాట ఎత్తుకున్నాడు. మైదానం హోరెత్తింది. వేల గొంతులు కలిశాయి. మొదటి చరణం అయి బేస్ ఒక్క క్షణం ఊపిరి పీల్చుకునే చోట, కింద నుంచి డోలు పలికింది.

అదే దెబ్బ. బాలయ్య దెబ్బ. కాస్త ఆలస్యంగా పడి, పడ్డాక మనిషిని ముందుకు తోసే దెబ్బ.

యోహాను బొటనవేలు తీగ మీదే ఆగిపోయింది. వెనక డ్రమ్స్ రెండు దెబ్బలు తడబడి ఆగాయి. అతను నల్లద్దాలు తీసి కిందికి చూశాడు.

“ఎవరన్నా గది?” మైకులోనే అడిగాడు. “బాలయ్య మామ దెబ్బ గది.”

“బాలయ్య కొడుకును!” మల్లేశ్‌కు మైకు అక్కరలేదు, గుట్ట మీద నుంచి మందను పిలిచే గొంతు. “మస్తు పాడుతున్నవు గని, ఒక్క ముచ్చట చెప్పు యోహానూ. గా పొద్దు నేను నిన్ను కొట్టిన్నా?”

జనం ఇదీ ప్రోగ్రామే అనుకుని ఈలలు వేశారు.

“కొట్టుడేందన్నా?” అన్నాడు యోహాను. తర్వాత అతని చూపు కంచె దగ్గరికి వచ్చింది. అక్కడే ఉండిపోయింది. “జర అయిదు నిమిషాలు,” అని మైకు వదిలేశాడు.

కంచె దగ్గరివాడు ఇంకా చెయ్యి తీయలేదు. నాగరాణి ఇన్నేళ్ళుగా ఎవరితోనూ అననిది అంది.

“తియ్యి బిడ్డా. నేను గా డోలాయన చెల్లెను.”

స్టేజీ వెనక చిన్న గుడారం. ఫ్లాస్కులోంచి చాయ్ వంచుతున్న గ్రేస్ తలెత్తి చూసింది. జుట్టు నెరిసింది, కళ్ళజోడు వచ్చింది, నోరు మాత్రం మారలేదు.

“వదినె!” అంది. అన్నాక నాలుక కరుచుకుంది.

యోహాను గిటార్ మెడలోంచి తీయడం కూడా మరిచిపోయాడు. దగ్గరగా చూస్తే ముఖం నిండా ముడతలు. నవ్వితే మాత్రం అరుగు మీది పిల్లవాడే. నాగరాణి ఆ నవ్వు కోసం చూసింది. అది రాలేదు.

“మంచిగున్నవా రాణీ?”

రాణీ అని పిలిచేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. ఆమె తల ఊపింది.

మల్లేశ్ ఆగలేకపోయాడు. “ముందు నా సంగతి తేల్చుర్రి. నా చెల్లె నా మొఖం చూడదు. ఊరోళ్ళు అడుగుతరని ఏటా బజార్ల రాఖీ కొని నేనే కట్టుకుంట. ఒక్క చెయ్యితోటి ముడివడదు, పండ్లతోటి గుంజి ఎయ్యాలె. నేను కొట్టినట్టయితే కొట్టినవని చెప్పు. లేకుంటే లేదని చెప్పు.”

చెయ్యి ముందుకు చాపాడు. మణికట్టు మీద రంగు వెలిసిన దారం, పంటి గాట్లతో నలిగిన ముడి.

“నువ్వు నన్ను కొట్టుడేందన్నా?” అన్నాడు యోహాను. “ఆ పొద్దు నువ్వు రోడ్డు పక్కన గొర్రె కాడ కూసున్నవు. చేతులకు నెత్తురు. దూరంకెల్లి నేనే చూసిన. కనవడొద్దని గోడ చాటుకు పోయిన. నన్నెవ్వరు తరమలే.” నాగరాణి వైపు తిరిగాడు. “నువ్వే రాలే.”

గొర్రె ఈనింది. నిజంగానే ఈనింది. అన్న చెప్పింది నిజమేనని నాగరాణికి ఇప్పుడు తెలిసింది. కానీ నోట్లోంచి కోపమే వచ్చింది.

“అబద్ధమాడకు! తెల్లారకముందుకెల్లి నేను గుడి అరుగు మీదనే కూసున్న. నెత్తి మాడిపోయిందాక కూసున్న. నువ్వే రాలే.”

“నేను గుడి కాన్నే ఉన్న రాణీ. బస్సు వచ్చింది. డ్రైవర్ కాళ్ళు మొక్కి జర సేపు ఆపిన. ఆఖరికి నీకు వినవడాలె అని గంట కొట్టిన. గుంజి గుంజి కొట్టిన.”

“గంటా?” నాగరాణి నవ్వబోయింది, ఏడుపులా వచ్చింది. “గది పాటల పెట్టుకో, చెల్లుతది. నాతోటి చెప్పకు. బీరప్ప గుడికి గంట యాడిది?”

గ్రేస్ ఫ్లాస్కును మెల్లగా కింద పెట్టింది.

“బీరప్ప గుడేంది వదినె?”

“నువ్వే చెప్తివి గద! గుడి కాడ ఉంటడని. బోరింగు కాడ!”

“గుడి అన్న. అవును.” గ్రేస్ కళ్ళజోడు తీసింది. “మా గుడి. ఐతారం పోతం గద… గా గుడి.”

“గది చర్చి!”

“మీకు చర్చి. మా ఇంట్ల ఎవ్వరన్న చర్చి అంటరా వదినె? మా అవ్వ కాలంకెల్లి గుడే. గుడికి పోయినం, గుడి గంట కొట్టిండ్రు, గుడిల పెండ్లయింది… అన్న గుడి అన్నడు, నేను గుడి అన్న. బీరప్ప గుడి నాకు యాదికే రాలే.”

నాగరాణి బల్ల అంచు పట్టుకుంది. ఆ పొద్దు ఊరి ఆ కొస నుంచి గంట వినిపించింది. బాగా గుర్తుంది. ఆగకుండా, పిచ్చిపట్టినట్టు మోగింది. పాపం, ఎవరో పోయినట్టున్నారు అనుకుంది. బట్టల సంచి ఒళ్ళో పెట్టుకుని, పోయినవాళ్ళ కోసం చేతులు జోడించింది.

అటు పక్క యోహాను కూడా గుడారం కర్రను పట్టుకున్నాడు. ఇద్దరి మధ్య నాలుగడుగుల దూరం. ఊరి ఈ కొసకు, ఆ కొసకు మధ్య ఉన్నంత దూరం. అతని చెయ్యి గాలిలోకి లేచి, ఆమె దాకా రాకుండానే తీగల మీదికి దిగిపోయింది. తీగ ఒక్కటి సన్నగా మూలిగింది.

బయట జనం ఊరుకోవడం లేదు. బ్యాండు లేకుండానే పాట ఎత్తుకున్నారు. గుడి కాడ నిలుచున్న… గుడి కాడ నిలుచున్న… మైదానం మొత్తం ఆ మాటనే పట్టుకుని ఊగుతోంది.

మల్లేశ్ ఒక ముఖం నుంచి ఇంకో ముఖానికి చూశాడు. డోలు ఇంకా మెడలోనే ఉంది.

“ఏందయ్యా, జర నాకు గూడ చెప్పుర్రి. నేను గాదు, యోహాను గాదు, గ్రేసు గాదు. మరి గింత పని చేసిందెవడు? పేరు చెప్పుర్రి. కర్ర బయటనే ఉన్నది, తెస్త.”

నాగరాణి అతని దగ్గరికి వచ్చింది. చాపిన చెయ్యి అతను ఇంకా వెనక్కి తీసుకోలేదు. మణికట్టు మీది నలిగిన ముడిని వేలితో తాకింది. బయట నుంచి ఆ మాట మళ్ళీ అలలా వచ్చి గుడారం గుడ్డను కదిపింది.

“అన్నా,” అంది.

మల్లేశ్ గడ్డం వణికింది.

“గుడి,” అంది నాగరాణి. “గుడి అన్న మాట.”