సున్నా చూపించే మీటరు

"బట్టలుతికే మిషను వెయ్యకు. ఇల్లు చూసేవాళ్లు వచ్చి వెళ్లేదాకా ఓర్చుకో," అంటూ భర్త దుప్పట్ల మూట తెచ్చి ఆమె కాళ్ల దగ్గర పడేశాడు.

ఓర్చుకోవడం ఆమెకు కొత్త కాదు. ఈ నమూనా ఇంట్లో అడుగుపెట్టిన నాటినుంచీ అదే పని. గడ్డి దట్టించి సున్నం పూసిన గోడలు, కప్పు మీద సోలార్ పలకలు, ముందు గదిలో అందరికీ కనపడేలా మీటరు. ఇల్లు వాడిన కరెంటు కప్పు ఇచ్చిన కరెంటును మించకపోతే మీటరు సున్నా చూపిస్తుంది. సున్నా చూస్తే, ఇలాంటి ఇళ్లకు అనుమతిచ్చే అధికారి ముద్ర వేస్తాడు. ముద్ర పడితే వీధి పొడవునా ఇలాంటి ఇళ్లే కడతాడు భర్త.

మొదట్లో సున్నా రాలేదు. ఇంటి ప్లాను గీసినప్పుడు ఆయన ఫ్యాన్లను, ఫ్రిజ్‌ను, తన కంప్యూటర్‌ను లెక్కలో వేసుకున్నాడు. బట్టల మిషన్ని, మిక్సీని మరిచిపోయాడు. ఎన్నడూ వాటి దగ్గర నిలబడని మనిషికి అవెలా గుర్తుంటాయి? ఇంకో రెండు పలకలు వేస్తే తీరిపోయేది. "కప్పు అందం చెడుతుంది. నువ్వు కాస్త సర్దుకుంటే పోయేదానికి..." అన్నాడు. "మా కాలంలో మిషన్లున్నాయా? మేం బతకలేదూ?" అంది అత్తగారు. ఇప్పుడు ఆవిడ బట్టలు కూడా ఈమే ఉతుకుతోంది. మిషను వెనక గదిలో, నెత్తిన పూలకుండీతో కూర్చుంది.

తడిసిన దుప్పటి పిండటానికి ఇద్దరు కావాలి. ఆమె ఒక కొసను కుళాయికి చుట్టి, రెండో కొసను మెలిపెట్టింది. మణికట్టు కలుక్కుమంది. ఈ ఇంటి సిమెంటుకు ఎంత బొగ్గు కాలిందో, గాజుకెంతో, లారీలకు ఎంత డీజిలు కాలిందో భర్త నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఆమె మోచేతుల ఊసు అందులో లేదు. అన్నం తిని పనిచేసే యంత్రానికి పొగగొట్టం ఉండదు మరి. వీధంతా ఇవే ఇళ్లయితే, ఇంటికొక ఆడది ఇలా కుళాయికి దుప్పటి చుట్టుకుని నిలబడాలి. ఆ ఆలోచన దగ్గర ఆమె చేతులు ఆగిపోయాయి.

అధికారి వచ్చాడు. ఇల్లు కొనాలనుకుంటున్న జంట కూడా వచ్చింది. ఆ ఇల్లాలు నర్సు.

"బట్టల మిషను ఎక్కడ పెట్టుకోవాలండీ?" అని అడిగింది నర్సు.

"మా ఆవిడకు మిషను ఉతుకు కంటికి ఆనదండీ. చేత్తో ఉతికితేగానీ తృప్తి ఉండదు," అన్నాడు భర్త నవ్వుతూ. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఆమె రెక్కల్ని ఆయన ధారపోశాడు.

"అయితే డ్యూటీ దిగొచ్చి నేనూ ఉతుక్కోవాలా?"

"అలవాటైపోతుందిలే," అన్నాడు నర్సు మొగుడు.

ఆమె తడి చేతులు కొంగుకు తుడుచుకుంది. వెనక గదిలోకి వెళ్లి, పూలకుండీ కిందికి దించి, మిగిలిన దుప్పట్లు మిషనులో కుక్కి మీట నొక్కింది. తిరిగి వచ్చి మీటరు ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుంది. సున్నా చెరిగిపోయింది. అంకె పైకి పాకుతోంది.

"కప్పు మీద ఇంకో రెండు పలకలకు చోటుందండీ," అంది అధికారితో. "అవి పడ్డాక వద్దురుగాని, ముద్ర వెయ్యడానికి."

భర్త మొహం కందగడ్డయింది. "ఏం చేస్తున్నావో తెలుస్తోందా నీకు?"

"మనుషులు ఉండటానికే కదా ఈ ఇల్లు కట్టింది," అంది ఆమె నెమ్మదిగా. "ఉంటున్నాను."